ముందు స్ట్రట్లు ఇంట్లో విప్పడం: ఏ నట్టు విప్పాలి, ఏది ముట్టుకోకూడదు

మీరు అడిగినవి మూడు. కారు ముందు చక్రాల స్ట్రట్లు (షాక్ అబ్జార్బరూ స్ప్రింగూ కలిసి ఉండే భాగాలు) రెండూ ఇంట్లోనే విప్పుకోవచ్చా, కింద ఉన్న రెండు పెద్ద బోల్టులు కదలకపోతే ఏం చేయాలి, బానెట్ ఎత్తితే కనిపించే మధ్య నట్టును ముందే వదులు చేసి పెట్టుకుంటే పని తేలికవుతుందా అని. మొదటిదానికి అవును, విప్పుకోవచ్చు. రెండోదానికి ఓపిక కావాలి, కాస్త సుత్తి కూడా కావాలి. మూడోదానికి మాత్రం వద్దు. మిగతాది తీరిగ్గా చదువుకున్నా ఫర్వాలేదు గానీ ఈ మూడోదాని సంగతి తేల్చుకోకుండా పానా చేత్తో పట్టుకోకండి.

స్ట్రట్‌ను పైన బాడీకి బిగించే నట్లు ఎక్కువ బండ్లకు మూడు ఉంటాయి, గుండ్రంగా, ఒకదానికొకటి ఎడంగా. వాటి నడిమధ్యలో, చాలాసార్లు ఒక రబ్బరు మూత కింద, ఇంకో పెద్ద నట్టు ఉంటుంది. చుట్టూ ఉన్న మూడు నట్లు స్ట్రట్‌ను కారుకి పట్టి ఉంచుతాయి. మధ్యది స్ప్రింగును స్ట్రట్‌లో పట్టి ఉంచుతుంది. రెండింటికీ పని వేరు. "కారు పైకి లేపాను, చక్రం గాల్లో వేలాడుతోంది, ఇంక స్ప్రింగు మీద బరువెక్కడుంది" అని చాలామంది అనుకుంటారు. కారు బరువు లేదు, నిజమే. కానీ స్ట్రట్ పూర్తిగా సాగిపోయినా లోపల స్ప్రింగు తన అసలు పొడవుకు రాదు, అప్పటికీ నొక్కుకునే ఉంటుంది. దాన్ని అలా ఆపి ఉంచేది ఆ మధ్య నట్టు ఒక్కటే. అది ఊడిందంటే స్ప్రింగూ పై మౌంటూ (స్ట్రట్ పై కొసను బాడీకి ఆనించే దిమ్మ) ఏ క్షణాన ఎటు ఎగురుతాయో చెప్పలేం, అడ్డంగా మీ మొహం ఉన్నా అంతే. మెకానిక్కులు కొందరు కారు చక్రాల మీద నిలబడి ఉండగానే ఆ నట్టును ఒక్క పావు తిప్పు వదులు చేసి వదిలేయడం మీరు చూసి ఉంటారు, తర్వాత బల్ల మీద తేలిగ్గా వస్తుందని. వాళ్లకు ఎంత తిప్పితే ఎక్కడ ఆగాలో తెలుసు. మొదటిసారి చేసేవాళ్లకు అది అనవసరమైన రిస్కు. ఆ రబ్బరు మూత తీయకండి, అసలు అటు చూడకండి.

ఇప్పుడు మీ బండికి ఉన్నది నిజంగా స్ట్రట్ అవునో కాదో చూసుకోండి. చక్రం లోపలికి తొంగి చూస్తే స్ప్రింగు షాక్ అబ్జార్బర్ చుట్టూనే ఉండి, దాని కింది కొస నేరుగా చక్రాన్ని మోసే ఇనుప ముక్కకు (నకుల్ అంటారు) బిగించి ఉండి, పైన అడ్డంగా ఇంకో ఆర్మ్ (చక్రాన్ని బాడీకి కలిపే ఇనుప చెయ్యి) ఏదీ లేకపోతే అది మాక్‌ఫర్సన్ రకం. 1940లలో ఎర్ల్ మాక్‌ఫర్సన్ అనే ఇంజనీరు రూపొందించినది, ఇవాళ చిన్న కార్లలో ఎక్కువ వాటికి ముందు ఉండేది ఇదే. ఇందులో పై ఆర్మ్ చేయాల్సిన పని కూడా స్ట్రట్టే చేస్తుంది, చక్రం నిటారుగా నిలబడేది దాని మీద ఆనుకునే. అందుకే దాన్ని విప్పగానే చక్రం మొత్తం బయటికి వాలిపోతుంది, అందుకే తిరిగి బిగించాక అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయించడం) తప్పదు. పైనా కిందా రెండు ఆర్మ్‌లుండి స్ప్రింగు విడిగా కింది ఆర్మ్ మీద కూర్చున్న బండి అయితే ఇక్కడ చెప్పేది వర్తించదు. అందులో షాక్ అబ్జార్బర్ విప్పేస్తే ఆర్మ్‌ను ఆపేదేమీ లేక స్ప్రింగు ఒత్తిడికి అది కిందికి కొట్టుకుపోయే డిజైన్లూ ఉన్నాయి, దాని కథ వేరు.

పని మొదలుపెట్టే ముందే తేల్చుకోవాల్సింది, కొత్తగా ఏం కొంటున్నారన్నది. స్ప్రింగు, మౌంటు, బేరింగు అన్నీ బిగించి రెడీగా వచ్చే పూర్తి స్ట్రట్ దొరుకుతుంది. దానికి ఖర్చెక్కువ, కానీ పాతది ఊడదీసి కొత్తది పెట్టడమే పని, స్ప్రింగుతో మీకు సంబంధమే లేదు. విడిగా ఒట్టి స్ట్రట్ కొంటే పాత స్ప్రింగు తీసి దీని మీద ఎక్కించాలి, అంటే స్ప్రింగును నొక్కాలి. రెండో దారి అయితే నా సలహా ఇది: స్ట్రట్లు విప్పడం, బిగించడం ఇంట్లో చేసుకోండి, స్ప్రింగు మార్పిడి మాత్రం గోడకో నేలకో బిగించిన పెద్ద స్ప్రింగు కంప్రెసర్ (స్ప్రింగును నొక్కి పట్టే పనిముట్టు) ఉన్న వర్క్‌షాపులో చేయించుకోండి. విప్పిన రెండు స్ట్రట్లూ పట్టుకెళ్లి ఇస్తే వాళ్లకు అది పెద్ద పని కాదు. మార్చేటప్పుడు ఎప్పుడూ రెండు వైపులా మార్చాలి. ఒకవైపు కొత్తది, ఇంకోవైపు అరిగిపోయింది ఉంటే బ్రేకు కొట్టినప్పుడూ మలుపుల్లోనూ బండి రెండు వైపులా ఒకలా ప్రవర్తించదు. కొనేటప్పుడు ఎడమ, కుడి గుర్తులు చూసుకోండి. బ్రేక్ పైపును పట్టే క్లిప్పు, లింకు రాడ్ (రెండు చక్రాలనూ కలిపే యాంటీ రోల్ బార్‌కు స్ట్రట్‌ను తగిలించే కడ్డీ) బిగించే చెవి ఉన్న వైపును బట్టి చాలా బండ్లకు ఈ రెండూ వేరు వేరు. పై మౌంటు, దాని కింది బేరింగు, స్ట్రట్ రాడ్ (లోపలికీ బయటికీ కదిలే మెరిసే కడ్డీ) మీది దుమ్ము తొడుగు, బంప్ స్టాప్ అనే రబ్బరు దిమ్మ కూడా అదే దెబ్బలో కొత్తవి వేసేయండి. స్టీరింగు తిప్పినప్పుడు టంగ్ టంగ్‌మని స్ప్రింగు జారిన శబ్దం వస్తోందని రాశారు కదా, అందులో తప్పు చాలావరకు ఆ బేరింగుదే అయి ఉంటుంది. దాన్ని వదిలేసి స్ట్రట్ ఒక్కటీ మారిస్తే శబ్దం అలాగే ఉండిపోయి తల పట్టుకుంటారు.

సామాను విషయానికొస్తే మంచి జాకీ, రెండు జాక్ స్టాండ్లు, చక్రాల కింద పెట్టే అడ్డుచెక్కలు, పొడుగు హ్యాండిల్ ఉన్న సాకెట్ రెంచ్, టార్క్ రెంచ్ (ఎంత గట్టిగా బిగిస్తున్నామో కొలిచే పానా), సుత్తి, ఇనుప బ్రష్షు, తుప్పు వదిలించే స్ప్రే, గట్టి తీగ ముక్క, పెయింట్ మార్కర్. సైజులు బండిని బట్టి మారతాయి. కింది పెద్ద బోల్టులకు 17 లేదా 19 మిల్లీమీటర్లు, పై నట్లకు 12 నుంచి 14 మధ్యలో ఏదో ఒకటి సరిపోవడం మామూలే గానీ ముందే ఒకసారి సాకెట్ పెట్టి చూసుకోండి, కారు గాల్లో ఉన్నాక సాకెట్ లేదని పరిగెత్తడం ఎందుకు. ఆరు మూలల సాకెట్లే వాడండి, పన్నెండు మూలలవి ఇలాంటి బిగుసుకుపోయిన నట్ల మూలలు తినేస్తాయి. ముందు రోజు రాత్రే కింది బోల్టుల నట్ల మీద, లింకు రాడ్ నట్టు మీద బయటికి కనిపించే మర (థ్రెడ్) మీది మట్టి ఇనుప బ్రష్షుతో గీకేసి స్ప్రే కొట్టి వదిలేయండి. మట్టి మీద కొట్టిన స్ప్రే మట్టికే పోతుంది, మరలోకి దిగదు. బ్రేక్ డిస్కు మీద పడకుండా గుడ్డ అడ్డం పెట్టుకోండి.

కారు గట్టి, చదునైన నేల మీదే ఉండాలి. హ్యాండ్ బ్రేకు వేసి, గేరులో పెట్టి, వెనక చక్రాలకు అడ్డుచెక్కలు పెట్టండి. చక్రాల నట్లు కారు నేల మీద ఉండగానే ఒక్క తిప్పు వదులు చేయాలి, తర్వాతే లేపాలి. లేపాక బాడీ కింద కంపెనీ చూపించిన చోట స్టాండ్లు పెట్టి, బరువు వాటి మీదికి దింపి, కారును చేత్తో పక్కకు ఊపి చూడండి. పడేదైతే మీరు కిందకి దూరకముందే పడాలి. జాకీ ఒక్కదాని మీద నిలబెట్టిన కారు కింద వేలు కూడా పెట్టొద్దు. రెండు వైపులా ఒకేసారి లేపమనే చెబుతాను, ఎందుకంటే యాంటీ రోల్ బార్ రెండు చక్రాలనూ కలుపుతుంది, ఒకవైపు నేల మీద, ఇంకోవైపు గాల్లో ఉంటే అది మెలి తిరిగి లింకు రాడ్‌ను బిగపట్టి ఉంచుతుంది. రెండూ వేలాడుతుంటే లింకు ఒత్తిడి లేకుండా చేతికి వస్తుంది. అయితే లేపేది రెండు వైపులా అయినా, విప్పేది మాత్రం ఒక్కో వైపే. ఏ క్లిప్పు ఎక్కడిదో అర్థం కాకపోతే విప్పని వైపు చూసుకోవచ్చు. ఫోన్‌లో ఫొటోలు కూడా తీసుకోండి.

చక్రం తీశాక మొదట స్ట్రట్‌కు అతుక్కుని ఉన్నవన్నీ విడదీయాలి. బ్రేక్ హోస్ క్లిప్పు, ఏబీఎస్ సెన్సర్ వైరు పట్టీలు, లింకు రాడ్. ఏబీఎస్ వైరు సన్నది, పాతబడ్డాక పెళుసెక్కి ఉంటుంది, పట్టీని లాగకుండా స్క్రూడ్రైవర్‌తో నెమ్మదిగా ఎత్తి విడిపించండి. హోస్‌ను ఎక్కడా విప్పనక్కర్లేదు, క్లిప్పు నుంచి తప్పిస్తే చాలు. హోస్ స్ట్రట్ చెవిలోంచి దూరి వెళ్లే బండి అయితే ముందు ఒకసారి సరిగ్గా చూసుకోండి. అలాంటి వాటిలో క్యాలిపర్ (బ్రేక్ ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) విప్పి పక్కన తీగతో వేలాడదీయాలే తప్ప, బ్రేక్ పైపు జాయింటు ఊడదీయొద్దు. ఊడదీస్తే గాలి చేరుతుంది, ఆపైన బ్రేకు బ్లీడింగ్ (పైపుల్లోంచి గాలి తీయడం) అదనపు పని.

లింకు రాడ్ నట్టు దగ్గర చాలామంది ఆగిపోతారు. నట్టు తిప్పుతుంటే దాంతో పాటు లోపలి బోల్టు కూడా తిరుగుతూనే ఉంటుంది, ఎందుకంటే దాని అవతలి కొస గుండ్రటి బంతిలా లింకులో కూర్చుని ఉంటుంది కాబట్టి. బోల్టు కొసలో చిన్న షడ్భుజి రంధ్రం ఉంటుంది, చాలావాటికి 5 లేదా 6 మిల్లీమీటర్ల అలెన్ కీ పడుతుంది. ఆ రంధ్రంలో మట్టి నిండి ఉంటుంది, మేకుతో గీకి శుభ్రం చేసి, కీని సుత్తితో చిన్నగా కొట్టి పూర్తిగా దింపి, దాన్ని కదలకుండా పట్టుకుని నట్టును రింగు స్పానర్‌తో తిప్పాలి. కొన్నింటికి రంధ్రం ఉండదు, రబ్బరు తొడుగు వెనక సన్నటి స్పానర్ పట్టే చదును ఉంటుంది. అలెన్ రంధ్రం అరిగి గుండ్రమైపోతే ఇక పోరాడకండి, లింకు రాడ్ పెద్ద ఖరీదైన వస్తువు కాదు, నట్టును కోసేసి కొత్తది వేసుకోండి.

ఇప్పుడు ఆ రెండు పెద్ద బోల్టుల సంగతి. వీటిని విప్పే ముందు రెండు పనులు. ఒకటి, స్ట్రట్ కింది చెవికీ నకుల్‌కీ కలిపి అంచు వెంట మార్కర్‌తో ఒక గీత గీయండి. పై బోల్టు తల కింద గుండ్రటి వాషరు మధ్యలో కాక ఒక పక్కకు ఒరిగి ఉంటే అది క్యాంబర్ (చక్రం నిలువునా లోపలికో బయటికో వాలే కోణం) సర్దే బోల్టు, దాని తల ఏ కోణంలో ఉందో కూడా గుర్తు పెట్టుకోండి. కొత్త స్ట్రట్ వేశాక ఆ గుర్తు అచ్చంగా కుదరకపోవచ్చు గానీ అలైన్‌మెంట్ షాపు దాకా బండి తిన్నగా వెళ్లడానికి పనికొస్తుంది. రెండోది, కింది ఆర్మ్ కింద జాకీని ఆనించి ఉంచండి, బరువు ఎత్తేంత కాదు, ఊరికే తగిలేంత.

ఎక్కువ బండ్లలో ఈ బోల్టుల తల కింద, మెడ దగ్గర, సన్నటి పళ్లు ఉంటాయి. అవి స్ట్రట్ చెవి రంధ్రంలోకి కొరుక్కుపోయి ఉంటాయి, బోల్టు తిరగకుండా. అందుకే తిప్పాల్సింది ఎప్పుడూ నట్టునే, బోల్టు తలను కాదు. తల తిప్పితే ఆ పళ్లు రంధ్రాన్ని గీసేస్తాయి, పాత స్ట్రట్ అయితే పోనివ్వండి గానీ అదే బోల్టు మళ్లీ వేయాల్సి వస్తే ఇబ్బందే. తలకు ఒక స్పానర్ ఊరికే ఆపి ఉంచి, నట్టుకు పొడుగు హ్యాండిల్ పెట్టి, కుదుపుల్లా కాకుండా నెమ్మదిగా బరువు పెంచుతూ నొక్కండి. కదలకపోతే మళ్లీ స్ప్రే కొట్టి, నట్టు పక్కల మీద సుత్తితో నాలుగు దెబ్బలు వేసి, పది నిమిషాలు ఆగి, ఈసారి ముందు కాస్త బిగించే వైపు తిప్పి చూడండి. ఆ ఒక్క అరమిల్లీమీటరు కదలికకే తుప్పు పొర పగిలి, ఎర్రటి పొడి రాలడం మొదలవుతుంది, ఆ పొడి కనిపించిందంటే ఇక వచ్చినట్టే. విప్పే వైపు కొంచెం, బిగించే వైపు కొంచెం, అలా ముందుకీ వెనక్కీ తిప్పుతూ తీయండి, ఒకేసారి లాగేస్తే మర చెడుతుంది. మంట పెట్టడం గురించి అడుగుతారేమో, పక్కనే రబ్బరు హోస్, ప్లాస్టిక్ వైరు, గ్యాస్ నింపిన స్ట్రట్, నూనె స్ప్రే ఉన్నచోట ఇంట్లో మంట మాట ఎత్తొద్దు.

నట్టు వదులయ్యాక పూర్తిగా తీసేయకుండా బోల్టు కొసతో సమానంగా వచ్చేదాకా తిప్పి ఆపి, దాని మీద సుత్తితో కొట్టండి. అలా కొడితే మర దెబ్బతినదు, దెబ్బ నట్టు మీద పడుతుంది. బోల్టు పళ్లు రంధ్రంలోంచి ఊడివచ్చాక నట్టు తీసేసి, మిగిలిన దూరం ఇత్తడి కడ్డీతో నెట్టేయొచ్చు. కొన్ని బండ్లలో రెండు బోల్టులుండవు, స్ట్రట్ కింది గొట్టం నకుల్‌లోకి దిగి, ఒకే బోల్టు దాన్ని చుట్టూ నొక్కి పట్టుకుంటుంది. అక్కడ బోల్టు తీసినంత మాత్రాన స్ట్రట్ రాదు, నకుల్ చీలికను కాస్త విప్పే పనిముట్టు పెట్టి తిప్పాలి, నకుల్‌ను కిందికి తట్టాలి. చీలికలో ఉలి కొట్టి బలవంతంగా తెరిచేవాళ్లున్నారు, నాకు నచ్చదు, ఆ లోహం పగిలితే మొత్తం నకుల్ మార్చాలి.

రెండో బోల్టు బయటికి వచ్చే క్షణంలో ఒక చెయ్యి నకుల్ మీద ఉండాలి. పైన పట్టు పోగానే డిస్కు, క్యాలిపర్, హబ్బు అన్నీ కలిపి బయటికి వాలతాయి, ఆ బరువంతా బ్రేక్ హోస్ మీద పడుతుంది. అంతకంటే పెద్ద ప్రమాదం డ్రైవ్ షాఫ్ట్‌కు (ఇంజను శక్తిని చక్రానికి చేర్చే కడ్డీకి). ముందు చక్రాలు తిప్పే బండిలో నకుల్ మరీ బయటికి పోతే షాఫ్ట్ లోపలి జాయింటు తన గిన్నెలోంచి జారి విడిపోవచ్చు, అప్పుడు రబ్బరు బూటు విప్పి గ్రీజుతో స్నానం చేయాల్సిందే. తీగను ముందే సిద్ధంగా ఉంచుకుని, నకుల్‌ను లోపలికి తోసి స్ప్రింగుకో బాడీ రంధ్రానికో కట్టేయండి. స్ప్రింగుకు కట్టారంటే మాత్రం స్ట్రట్ తీసేముందు ఆ తీగ మార్చాలి, మరిచిపోతారు.

ఇక పైన. మూడు నట్లలో రెండు పూర్తిగా తీసి, మూడోదాన్ని వేలితో తిరిగేంత వదులు చేసి ఉంచండి. కొన్ని బండ్లలో ఆ నట్లు వైపర్ కింది ప్లాస్టిక్ పలక వెనక దాక్కుని ఉంటాయి, ముందు దాన్ని ఊడదీయాలి. స్ట్రట్ పైన వైరు కనెక్టర్ కనిపిస్తే అది ఎలక్ట్రానిక్ సస్పెన్షన్, ముందు ఆ కనెక్టర్ విడదీయాలి. చివరి నట్టు దగ్గర ఒక చెయ్యి పైన, ఇంకో చెయ్యి కింద స్ట్రట్‌ను మోస్తూ ఉండాలి. చేతులు అంతదాకా అందకపోతే ఇంకో మనిషిని పిలవండి. ఆ స్ట్రట్, స్ప్రింగు, మౌంటు కలిసి చేతిలోంచి జారితే ఫెండర్ పెయింటు, డ్రైవ్ షాఫ్ట్ బూటు, మీ కాలు, ఏదో ఒకటి పోతుంది. కిందికి దించి, కొంచెం వాల్చి, ఆర్చ్‌లోంచి బయటికి తీసేయండి. స్ట్రట్‌ను కారు నుంచి వేరు చేసే పని ఇక్కడితో అయిపోయింది.

స్ప్రింగు కూడా నేనే మారుస్తాను అంటారా, అయితే వినండి. కొక్కేలతో వచ్చే రెండు పొడుగు బోల్టుల కంప్రెసర్‌ను స్ప్రింగుకు సరిగ్గా ఎదురెదురుగా పెట్టాలి, ఒకేవైపుకి దగ్గరగా పెడితే స్ప్రింగు విల్లులా వంగి కొక్కెం జారుతుంది. అటు నాలుగు తిప్పులు, ఇటు నాలుగు తిప్పులు, చేత్తోనే. గాలితో నట్లు తిప్పే గన్ను పెట్టొద్దు, ఆ సన్నటి మరలు దానికోసం చేసినవి కావు. స్ప్రింగు పై సీటు మీది నుంచి ఒత్తిడి పోయి చేత్తో కదిపితే ఊగేదాకా నొక్కాక, అప్పుడు మాత్రమే మధ్య నట్టు. ఆ స్ప్రింగు కొస మీ వైపు కాని, ఎవరి వైపు కాని చూడకూడదు. రాడ్ తిరక్కుండా ఆపడానికి మెరిసే భాగాన్ని ప్లయర్‌తో పట్టుకోవద్దు, అక్కడ పడ్డ గీత సీలును కోసి, నూనె కారేలా చేస్తుంది. బిగించేటప్పుడు కూడా అంతే, గన్నుతో గిర్రున తిప్పితే రాడ్ లోపల తిరుగుతుంది. కొత్త స్ట్రట్‌ను నిటారుగా నిలబెట్టి రెండు మూడుసార్లు పూర్తిగా నొక్కి లాగండి, పడుకోబెట్టి ఉంచినప్పుడు చేరిన గాలి పోతుంది. స్ప్రింగు కింది కొస సీటులోని గాడిలో మెట్టుకు ఆనేలా కూర్చోవాలి, అది తప్పితే మొదటి గుంటలోనే ఠంగుమంటుంది.

తిరిగి ఎక్కించడం అదే వరసలో వెనక నుంచి. పైన మూడు నట్లు వేళ్లతో ఎక్కించి, తర్వాత నకుల్‌ను చెవిలోకి తోసి, బోల్టులు దూర్చండి. రంధ్రాలు కలవకపోతే కింది జాకీతో ఆర్మ్‌ను కొంచెం కొంచెంగా లేపితే కలుస్తాయి, బోల్టును సుత్తితో బలవంతంగా దిగ్గొట్టొద్దు. మీరు గీసుకున్న గుర్తు చూసి సర్ది, టార్క్ రెంచ్‌తో బిగించండి. ఎంత టార్క్ అన్నది బండి సర్వీస్ మాన్యువల్ చూసే వేయాలి, కింది బోల్టులకు, పై నట్లకు, మధ్య నట్టుకు మూడింటికీ మూడు వేరు వేరు లెక్కలు, వేరే మోడల్ అంకె దీనికి పనికిరాదు. కొన్ని కంపెనీలు ఈ నట్లూ బోల్టులూ ఒక్కసారి వాడి పారేయమంటాయి, మాన్యువల్ అలా చెబితే కొత్తవే వేయండి. బ్రేక్ హోస్ మెలి తిరగలేదని, ఏబీఎస్ వైరు స్ప్రింగుకు తగలడం లేదని, స్టీరింగు ఈ కొస నుంచి ఆ కొసదాకా తిప్పి చూడండి. చక్రం పెట్టి, నట్లు ఎదురెదురుగా బిగించి, కారు నేల మీదికి దించాక టార్క్ వేయండి.

మొదట ఇంటి చుట్టూ ఒక నెమ్మది చక్కరు, కిటికీలు దించి. టకటక వినిపిస్తే ముందు లింకు రాడ్ నట్టు, తర్వాత పై నట్లు చూడండి, ఎక్కువసార్లు అక్కడే ఉంటుంది. స్టీరింగు వంకరగా నిలబడితే కంగారు పడకండి, అక్కడి నుంచి నేరుగా అలైన్‌మెంట్‌కే తీసుకెళ్లండి. టోతో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణంతో) పాటు క్యాంబర్ కూడా చూడమని చెప్పండి, అడక్కపోతే చాలాచోట్ల టో ఒక్కటే సర్ది పంపేస్తారు. ఆ పని ఆలస్యం చేస్తే టైర్ల అంచులు చూస్తుండగానే అరిగిపోతాయి. వంద కిలోమీటర్లలోపు ఒకసారి చక్రాల నట్లకు, కింది బోల్టులకు మళ్లీ టార్క్ రెంచ్ తగిలించి చూడండి. పాత స్ట్రట్లను తుక్కులో వేసేటప్పుడు కోయడం, కాల్చడం లాంటివి చేయొద్దని చెప్పి ఇవ్వండి, చాలావాటిలో గ్యాస్ ఒత్తిడి ఇంకా ఉంటుంది.